ఇరవై ఎనిమిదో రోజు దాకా: మలేరియా జంట మందుల అధ్యయనంలో నా అనుభవం

2013లో మన దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపేరం రకం మలేరియాకు ఇచ్చే మందును ప్రభుత్వం మార్చింది. అప్పటిదాకా దేశమంతటా ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్ ఇచ్చేవారు. ఈశాన్యంలో ఈ రెండో భాగం పని చేయడం తగ్గిపోయిందని తేలడంతో అక్కడ ఆర్టిమెథర్–లూమెఫాంట్రిన్ ప్రవేశపెట్టారు. మిగతా రాష్ట్రాల్లో పాత జంటే కొనసాగింది. అయితే ఈశాన్యంలో జరిగినది రేపు మన దగ్గరా జరగవచ్చు కాబట్టి, ఆ కొత్త జంట విశాఖ మన్యంలో ఎలా పని చేస్తుందో ముందే తెలుసుకోవాలన్న ఉద్దేశంతో మొదలైన ఒక అధ్యయనంలో నేను వైద్యాధికారిగా చేరాను. అప్పటికి ఎంబీబీఎస్ పూర్తి చేసి, పీజీ సీటు కోసం మరోసారి పరీక్ష రాయాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నాను. పాడేరు ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వెనుక గది మా కార్యాలయం, దాని వరండాలో వేసిన రెండు బల్లలు మా ప్రయోగశాల.

ఫాల్సిపేరం మలేరియాకు ఇప్పుడు ఒంటి మందు వాడకూడదనడానికి గట్టి కారణమే ఉంది. క్లోరోక్విన్ ఒక్కదాన్నే దశాబ్దాల పాటు వాడగా, దానికి లొంగని ఫాల్సిపేరం మన దేశంలో మొదటిసారి 1973లో అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో బయటపడింది. చైనాలో తూ యూయూ బృందం 1972లో వేరుచేసిన ఆర్టిమిసినిన్‌కు ఆ గతి పట్టకుండా, దాని నుంచి వచ్చిన మందులను నోటి ద్వారా ఒంటరిగా ఇవ్వడం ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో కోరింది. ఆర్టిమెథర్ వంటివి రక్తంలోని పరాన్నజీవుల్ని చాలా వేగంగా చంపుతాయి, కానీ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతాయి. మూడు రోజుల మందు పరాన్నజీవి రెండు జీవితచక్రాలను దాటదు. అప్పటికి మిగిలిపోయిన కొద్దిపాటి వాటిని ఏరివేయవలసింది రోజుల తరబడి రక్తంలో నిలిచే జోడీ మందు, అంటే మా విషయంలో లూమెఫాంట్రిన్. అందువల్ల రోగికి జ్వరం దిగిందంటే దానికి కారణం ఎక్కువగా మొదటి మందు. రెండో మందు సత్తువ తెలియాలంటే, రోగి తనకు జ్వరం వచ్చిందన్న సంగతే మరచిపోయిన రోజుల్లో అతని రక్తం చూడాలి.

మా పని కష్టమంతా అక్కడే ఉందని నాకు తొలి నెలలోనే అర్థమైంది. అధ్యయనం ఎలా నడపాలో చెప్పే పద్ధతి పత్రం ప్రకారం మందు మొదలుపెట్టిన రోజు సున్నా రోజు. ఆ తర్వాత 1, 2, 3, 7, 14, 21, 28 రోజుల్లో రోగిని చూసి, ఒంటి వేడి కొలిచి, వేలి నుంచి రక్తం తీసి స్లైడు చేయాలి. మధ్యలో ఎప్పుడు జ్వరం వచ్చినా అప్పుడూ చూడాలి. మూడో రోజుకు లేచి పొలం పోయే మనిషిని నాలుగు వారాల పాటు సూది పోటుకు పిలవడం ఎంత ఇబ్బందికరమైన పనో పత్రంలో ఎక్కడా రాసి ఉండదు.

మొదట రోగులు దొరకాలి. వానలు పడ్డాక జూన్ నుంచి జ్వరాలు పెరుగుతాయి కాబట్టి ఓపీకి వచ్చే ప్రతి జ్వరానికీ ఆశా కార్యకర్తలు కిట్ పరీక్ష చేస్తారు. అందులో ఫాల్సిపేరం గీత కనిపించినవారిని మా బల్ల దగ్గరికి పంపేవారు. కిట్ గీత ఒక్కటే మాకు సరిపోదు. స్లైడులో ఫాల్సిపేరం మాత్రమే ఉండాలి, మరో రకం మలేరియా అయిన వైవాక్స్ కలిసి ఉండకూడదు. మైక్రోలీటరు రక్తంలో పరాన్నజీవులు వెయ్యికి తగ్గకూడదు, లక్ష దాటకూడదు. గర్భిణులను చేర్చుకోకూడదు. స్పృహ తప్పడం, ఫిట్స్, తీవ్రమైన రక్తహీనత, ఆగకుండా వాంతులు వంటి ప్రమాద లక్షణాలు ఉన్నవారికి అధ్యయనం మాట ఎత్తకుండా ఇంజెక్షను మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపాలి. ఇన్ని వడపోతల తర్వాత మిగిలేది కొద్దిమంది. కిట్‌లో గీత వచ్చినా స్లైడులో లెక్క చాలక వెనక్కి పంపినప్పుడు, వారికి మామూలు ప్రభుత్వ చికిత్స ఇస్తున్నామని చెప్పినా, తమను ఎందుకో కాదన్నారని కొందరు నొచ్చుకునేవారు.

స్లైడు చదివే పని మా సీనియర్ టెక్నీషియన్‌ది. మలేరియా విభాగంలో ఉద్యోగ విరమణ చేసి మళ్లీ ఈ పనికి వచ్చిన ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కళాశాలలో నేర్చుకున్నదానికన్నా ఎక్కువ. ఒకే స్లైడు మీద ఒక పక్క మందపు పూత, మరో పక్క పలుచని పూత వేసి, పలుచని దాన్ని మాత్రమే మిథనాల్‌తో స్థిరపరిచి, రెండింటికీ గీంసా రంగు పట్టించేవారు. రంగు కలిపే నీటి పీహెచ్ (ఆమ్ల–క్షార స్థాయి) 7.2 దగ్గర ఉండాలని ఆయన పట్టుబట్టేవారు, ఎందుకంటే ఆ నీరు కాస్త తేడా వచ్చినా పరాన్నజీవి కేంద్రకంలోని ఎర్రని చుక్క మసకబారిపోతుంది. మందపు పూతలో నూనె చుక్క వేసి చూస్తూ, ఎడమ చేతి టాలీ కౌంటరుతో తెల్లకణాలను, కుడి చేతి దానితో పరాన్నజీవులను లెక్కించేవారు. 200 తెల్లకణాలు లెక్కపెట్టేలోగా 310 పరాన్నజీవులు కనిపించాయనుకుందాం. మైక్రోలీటరుకు 8,000 తెల్లకణాలు ఉంటాయన్న అంచనా మీద అది 12,400 అవుతుంది. పరాన్నజీవులు వందకు తక్కువ ఉంటే లెక్క 500 తెల్లకణాల దాకా సాగాలి. ఏమీ కనిపించకపోతే కనీసం వంద క్షేత్రాలు (సూక్ష్మదర్శినిలో ఒక్కోసారి కనిపించే వలయాలు) చూసిన తర్వాతే లేదని రాయాలి. ఆయన చదివిన స్లైడును మరొకరు ఆ ఫలితం తెలియకుండా మళ్లీ చదువుతారు, ఇద్దరి లెక్కల మధ్య తేడా ఎక్కువైతే మూడో మనిషి చదువుతారు. నెలవంక ఆకారంలో కనిపించే గామెటోసైట్లను వేరుగా రాయాలి. అవి దోమకు అంటించే దశవే గానీ రోగికి జ్వరం తెచ్చేవి కావు కనుక, మందు పని చేయలేదనడానికి అవి సాక్ష్యం కావు. ఈ తేడా తెలియని కొత్తవారు వాటిని చూసి కంగారు పడటం మామూలే.

అంగీకార పత్రం దగ్గర మేము తీసుకున్న సమయం బయటివారికి అతిగా అనిపించవచ్చు. పత్రం తెలుగులోనే ఉన్నా, మా రోగుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ. అందుకని ఊరివారే అయిన ఒక యువకుడు పక్కన కూర్చుని చెప్పేవాడు. చదువు రానివారు వేలిముద్ర వేసినప్పుడు మా బృందానికి సంబంధం లేని మనిషి సాక్షి సంతకం పెట్టాలి. ఆశ్రమ పాఠశాల పిల్లల విషయంలో వార్డెన్ సంతకంతో సరిపెట్టకుండా తల్లిని గానీ తండ్రిని గానీ రప్పించాలన్నది పరిశోధనల్లో రోగుల హక్కులు చూసే నైతిక సంఘం పెట్టిన షరతు. 2010లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ఇచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా కార్యక్రమం ఆగిపోవడం, వసతిగృహాల్లో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని ఆ తర్వాత విమర్శలు రావడం అందరికీ గుర్తే. ఆ షరతు వల్ల చేరికలు నెమ్మదించిన మాట నిజమే, కానీ అది ఉండవలసిన షరతే. ప్రజలు అడిగే ప్రశ్నలు కూడా తేలికైనవి కావు. తీసిన రక్తం ఎక్కడికి పోతుంది, అమ్ముతారా, మందు పని చేయకపోతే పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు అని అడిగేవారు. మూడో ప్రశ్నకు జవాబు పత్రంలోనే ఉండటం మాకు బలాన్నిచ్చింది: పని చేయకపోతే వెంటనే వేరే మందు ఇవ్వాలి, ఖర్చు మాదే.

ఇక మందు ఇవ్వడం. ఆర్టిమెథర్ 20, లూమెఫాంట్రిన్ 120 మిల్లీగ్రాములు కలిసి ఉండే మాత్ర ఇది. ఒక్కో మోతాదుకు 5 నుంచి 14 కిలోల పిల్లలకు ఒకటి, 24 కిలోల వరకు రెండు, 34 వరకు మూడు, 35 కిలోలు దాటితే నాలుగు మాత్రలు. మొదటి మోతాదు తర్వాత ఎనిమిది గంటలకు రెండోది, ఆపైన రెండు రోజులు ఉదయం, రాత్రి, మొత్తం ఆరు మోతాదులు. ఆరూ మా కళ్ల ముందే మింగాలి. మింగిన అరగంటలో వాంతి అయితే మొత్తం మోతాదు మళ్లీ ఇవ్వాలి. పొద్దున పదకొండుకు మొదలైన రోగికి రెండో మోతాదు రాత్రి ఏడింటికి పడుతుంది. ఆ వేళకు కొండ మీది ఊళ్లకు జీపు వెళ్లదు కాబట్టి మొదటి రాత్రి రోగినీ తోడు వచ్చినవారినీ ఆరోగ్య కేంద్రంలోనే ఉంచుకునేవాళ్లం. మిగతా రాత్రుల్లో ఆశా కార్యకర్త ఇంటి దగ్గరో, మా పర్యవేక్షకుడు టార్చి పట్టుకుని నడిచి వెళ్లో ఇచ్చిన మోతాదులు చాలా ఉన్నాయి.

మోతాదుల వేళలకన్నా తిండి మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. లూమెఫాంట్రిన్ నీటిలో కరగని మందు. కడుపులో కాస్త కొవ్వు లేకపోతే అది రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, ఎక్కకపోతే ఏడో రోజుకు రక్తంలో దాని మోతాదు తగ్గిపోయి జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే పాలతో గానీ కొవ్వున్న ఆహారంతో గానీ ఇవ్వమని అట్ట మీద రాసి ఉంటుంది. మన్యంలో చాలా ఇళ్లలో ఆవులున్నా పాలు పితికి తాగే అలవాటు తక్కువ. దానికి తోడు జ్వరం వచ్చినవారికి పథ్యం పెట్టడం తెలుగునేల అంతటా ఉన్న ఆచారమే కదా. నూనె, నెయ్యి, గుడ్డు ముట్టనివ్వరు, గంజో రాగి అంబలో పోస్తారు. అంటే మా మందు కోరేదానికి ఇంటి పెద్దలు పాటించేది సరిగ్గా వ్యతిరేకం. ఒక ముసలమ్మ తన మనవడికి మేము ఇవ్వబోయిన పల్లీ చిక్కీని చేత్తో అడ్డుకుని, "జొరంతో ఉన్నోడికి నూనెగింజలు పెడతారా బాబూ, చదువుకున్నోరు మీరేనా" అని నన్ను గట్టిగా నిలదీసింది. ఆమెతో వాదించి లాభం లేదని తెలిసి, మా టెక్నీషియన్ మధ్యలో కల్పించుకుని ఇది తిండి కాదనీ మందుకు అనుపానమనీ చెప్పారు. ఆమె వెంటనే చెయ్యి తీసేసింది. ఆయుర్వేదపు మాత్రను తేనెతోనో నేతితోనో ఇవ్వడం ఆమె ఎరిగినదే. ఆనాటి నుంచి మేమందరం ఆ మాటే వాడాం. కానీ జ్వరంతో నాలుక చేదెక్కిన మనిషి ఆ చిక్కీనైనా రెండు కొరుకులకన్నా ఎక్కువ తినడం అరుదు, కొవ్వు ఎంత లోపలికి వెళ్లిందో ప్రతిసారీ కాగితం మీద రాయడం అంతకన్నా అరుదు. మాత్రలు మా కళ్ల ముందు మింగినా పరిస్థితి ఇది. మామూలు రోగి పొట్లం ఇంటికి తీసుకెళ్లి ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మందుకు ఎంత బలం మిగులుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

మూడో రోజు స్లైడుకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. ఆ రోజుకు పరాన్నజీవులు ఇంకా కనిపించేవారు నూటికి పది మందికి తగ్గకుండా ఉంటే, ఆర్టిమిసినిన్‌కు పాక్షిక నిరోధకత వచ్చిందేమో అని అనుమానించాలి. కంబోడియా పశ్చిమ సరిహద్దులో కథ అలాగే బయటపడింది. ఆ పరాన్నజీవుల్లో కే13 అనే జన్యువులో మార్పులు ఉంటాయని తర్వాత తేలింది, ఇప్పుడు రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిత్రియాల్లో కూడా అటువంటి మార్పులు కనిపిస్తున్నాయి. మా దగ్గర మూడో రోజు స్లైడులు సాధారణంగా శుభ్రంగా ఉండేవి. టెక్నీషియన్ వంద క్షేత్రాలూ చూసి తల ఊపేవారు, నేను నమోదు చేసేవాణ్ణి.

ఆ తర్వాతి వారాలే అసలు పరీక్ష. ఏడో రోజుకు చాలామంది వచ్చేవారు. పద్నాలుగో రోజుకు "జొరం పోనాది కదా బాబూ, ఇంకా నెత్తురేటికి?" అన్న ప్రశ్న మొదలయ్యేది. ఇరవై ఒకటో రోజు వరి నాట్లలోనో, పసుపు చేలోనో పడిందంటే మనిషి దొరకడు. కూలి పోతుందన్న బాధ అబద్ధం కాదు కాబట్టి ప్రయాణ ఖర్చు, ఒక పూట భోజనం ఇవ్వడానికి నైతిక సంఘం అనుమతి తీసుకున్నాం. అంతకుమించి ఇస్తే డబ్బు కోసమే చేరారన్న మాట వస్తుంది. మాకు పనికొచ్చిన ఉపాయం వారపు సంత. ఎంత పని ఉన్నా ఆ రోజు ఇంటికొకరైనా కొండ దిగుతారు. రోగి రాకపోయినా అతని అన్నో వదినో వస్తారు, వారి ద్వారా కబురు అందుతుంది. సంత గట్టు మీద ఒక చింతచెట్టు కింద మైకు లేకుండా, బల్ల లేకుండా, పెట్టె ఒకటి ఒళ్లో పెట్టుకుని మేము తీసిన స్లైడులు ఆరోగ్య కేంద్రంలో తీసినవాటికన్నా నాణ్యతలో ఏమీ తక్కువ కాదు. ఇవన్నీ చేసినా కొందరు తప్పిపోయారు. ఒకాయన పనికోసం కుటుంబంతో సహా మైదానానికి దిగిపోయాడు. అలా తప్పిపోయినవారిని నయమైనవారిగా రాయకూడదు, విఫలమైనట్టూ రాయకూడదు. లెక్క నుంచి వేరు చేయాలి. వేరు చేసిన ప్రతి పేరుతోనూ మిగిలిన లెక్క బలం తగ్గుతూ వస్తుంది.

స్లైడుతో పాటు ప్రతిసారీ వడపోత కాగితం మీద మూడు చుక్కల రక్తం తీసేవాళ్లం. ఎందుకో చెప్పడానికి ఒక పిల్లవాడి ఉదంతం చాలు. ఎనిమిదేళ్ల ఆ అబ్బాయి ఏడో రోజు, పద్నాలుగో రోజు శుభ్రంగా ఉన్నాడు. ఇరవై ఒకటో రోజు వేలు పొడవకముందే వాడి ఒళ్లు వేడిగా ఉంది. స్లైడులో మళ్లీ ఫాల్సిపేరం ఉంగరాలు కనిపించాయి. చేతిలో ఉన్న సాక్ష్యం ప్రకారం మందు విఫలమైంది. కానీ దోమలు ఎడతెగకుండా కుట్టే ఊళ్లో మూడు వారాల తర్వాత వచ్చినది పాత జబ్బు తిరగబెట్టడమా, కొత్త దోమ ఎక్కించిన కొత్త జబ్బా అన్నది సూక్ష్మదర్శిని చెప్పలేదు. సున్నా రోజు చుక్కలోని పరాన్నజీవినీ ఇరవై ఒకటో రోజు చుక్కలోని పరాన్నజీవినీ పీసీఆర్ అనే జన్యు పరీక్షతో పోల్చాలి. ఎంఎస్‌పీ1, ఎంఎస్‌పీ2, గ్లర్ప్ అనే మూడు జన్యువులు ఒక్కో పరాన్నజీవి వంశంలో ఒక్కో పొడవుతో ఉంటాయి. మూడింటిలోనూ పొడవులు కలిస్తే పాతదే, ఒక్కదానిలో పూర్తిగా వేరైనా కొత్తది. అబ్బాయికి ఆ పూటే వేరే చికిత్స మొదలుపెట్టాం. ఫలితం మాత్రం చాలా నెలల తర్వాత వచ్చింది: కొత్తది. మందు నెగ్గినట్టు ఒక గడిలో టిక్కు పడింది. వాళ్ల నాన్నకు ఆ కబురు చెబితే, "అయితే మా ఇంట్లో దోమలు అలాగే ఉన్నాయన్నమాట" అన్నాడు. అధ్యయనం అడగని ప్రశ్నకు అది సరైన జవాబు.

ఆ కాగితపు చుక్కలను కాపాడటం వేరే యుద్ధం. వానాకాలంలో ఆ కొండల్లో ఏదీ ఆరదు. తడి ఆరకుండా సంచిలో పెడితే బూజు పడుతుంది, ఆరనిద్దామని బయట పెడితే చీమలూ ఈగలూ ఎండిన రక్తాన్ని కొరికి తినేస్తాయి. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు పోసి, మధ్యలో బోర్లించిన గ్లాసు మీద కాగితాలు ఆరబెట్టి, పైన దోమతెర ముక్క కప్పేవాళ్లం. ఆరాక ఒక్కోదాన్ని విడి సంచిలో సిలికా పొట్లంతో పెట్టి మూసేవాళ్లం. ఇంట్లో పచ్చడి జాడీకి చీమలు పట్టకుండా చేసే ఏర్పాటే అది. వైవాక్స్ మరో తలనొప్పి. ఫాల్సిపేరంతో చేరిన మనిషికి పద్నాలుగో రోజు తర్వాత వైవాక్స్ కనిపించడం మా దగ్గర అరుదేమీ కాదు, ఎందుకంటే అది కాలేయంలో దాగి ఉండి తర్వాత లేస్తుంది. దాన్ని లూమెఫాంట్రిన్ తప్పుగా రాయకూడదు. క్లోరోక్విన్, ప్రిమాక్విన్ ఇచ్చి ఆ వ్యక్తి లెక్కను అక్కడితో ముగించాలి.

రెండు మందులూ ఒకేసారి బలహీనపడితే ఏం చేయాలన్న ప్రశ్నకు కొందరు మూడో మందును చేర్చి చూశారు. 2015 నుంచి 2018 వరకు ఎనిమిది దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరీక్షలో మన దేశం నుంచి రూర్కెలా, రాంచీ, అగర్తలా పాల్గొన్నాయి. అక్కడ ఆర్టిమెథర్–లూమెఫాంట్రిన్‌కు అమోడియాక్విన్ కలిపి చూశారు. కంబోడియా, థాయ్‌లాండ్, వియత్నాంలలో డైహైడ్రోఆర్టిమిసినిన్–పిపెరాక్విన్ జంట 42 రోజుల నాటికి 48 శాతం మందిలోనే నిలబడితే, దానికి మెఫ్లోక్విన్ చేర్చిన కూర్పు 98 శాతం మందిలో నిలబడింది. వాంతులు మాత్రం కొంత పెరిగాయి. మన్యం రాత్రుల్లో వాంతి చేసుకున్న పిల్లవాడికి రెండోసారి మాత్రలు మింగించిన నాకు ఆ చిన్న వాక్యం పెద్దదిగా కనిపిస్తుంది. మరో దారి పూర్తిగా కొత్త మందు. గానాప్లాసైడ్ అనే కొత్త రకం అణువును లూమెఫాంట్రిన్‌తో కలిపి, రోజుకు ఒక్కసారి చొప్పున మూడు రోజులు పొడి పొట్లంగా ఇచ్చే కూర్పును ఆఫ్రికాలోని 12 దేశాల్లో పరీక్షించి, 2025 నవంబరులో ఫలితాలు వెల్లడించారు. కొత్తగా సోకిన జబ్బులను పీసీఆర్‌తో పక్కన పెట్టి లెక్కించిన నయం శాతం 97.4 కాగా, పోలికకు పెట్టిన ఆర్టిమెథర్–లూమెఫాంట్రిన్ జంటకు అది 94. అందులో ఆర్టిమిసినిన్ కుటుంబపు మందు లేనే లేదు కనుక కే13 మార్పులున్న పరాన్నజీవుల మీద ఆశ ఎక్కువ. శాతాలకన్నా నన్ను ఆకర్షించినది ఆరు మోతాదులు మూడు కావడం, రాత్రి మోతాదు లేకపోవడం.

ఇప్పుడు నేను పిల్లల వైద్యంలో ఉన్నాను. మలేరియా పరీక్షల ఫలితాలు వెలువడినప్పుడల్లా చదువుతాను, చదివేటప్పుడు సారాంశం వదిలి ముందుగా రోగుల ప్రవాహాన్ని చూపే పటం దగ్గరికి వెళతాను. ఎంతమంది చేరారు, చివరి రోజుకు ఎంతమంది రక్తం అందింది, తప్పిపోయినవారు ఏ రోజు నుంచి తప్పిపోయారు, తిండి పెట్టి ఇచ్చారా, పెట్టకుండా ఇచ్చారా, రాత్రి మోతాదు ఎవరు ఇచ్చారు అని చూస్తాను. చివరి రెండు ప్రశ్నలకు జవాబు చాలా నివేదికల్లో అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నింటిలో అదీ ఉండదు.